బయటివైపు తాళం

క్యాబేజీ పీపా అడుగున ఉన్న కొళాయి తిప్పి, ఉప్పునీళ్ళు బకెట్టులోకి పట్టి, మళ్ళీ పైనుంచి పోస్తున్నాను. చలికాలమంతా మా ఇంటిల్లిపాదీ తినవలసిన ఊరగాయ అది. మొదటి వారాల్లో రోజూ కింది నీళ్ళు పైకి మార్చకపోతే కుళ్ళిపోతుంది. గదిలో టీవీ ముందు కూర్చున్న నా భర్త ల్యుబెన్ అక్కణ్ణించే కేకేశాడు.

"రుమ్యానా! విన్నావా? పెరుగుదల మొదలైందట!"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, దేశంలో! అంకెలు చూపిస్తున్నాడు చూడు."

"అంకెలు ఎక్కడికీ పోవు. ఒకసారి ఇటొచ్చి ఈ బకెట్టు ఎత్తు."

"మోకాలు పట్టేసింది" అన్నాడు. తరవాత టీవీ చప్పుడు కాస్త పెరిగింది.

పెరుగుదల ఎలా తయారవుతుందో నాకు తెలుసు. మా ఊరి ప్రభుత్వ విద్యుత్ మోటార్ల ఫ్యాక్టరీలో, ప్రణాళికా విభాగంలో, ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని నా చేత్తోనే తయారుచేశాను. పెరట్లో తుప్పుపట్టిన మోటార్లు మంచు కింద పడి ఉండేవి. కాగితం మీద మాత్రం ప్రణాళిక నూటికి నూరు పాళ్ళూ, ఒక్కోసారి నూటికి నూటమూడు పాళ్ళూ నెరవేరేది. ఆ లెక్కను నేను నమ్మలేదు. ఇప్పుడు మెడకు రంగు టై కట్టుకుని టీవీలో మాట్లాడే కుర్రవాడి లెక్కనూ నమ్మను. ధరలు కుదుటపడిన మాట నిజమే. రెండేళ్ళ కిందటి చలికాలంలోలాగా, జీతం చేతికొచ్చి రొట్టెల కొట్టు చేరేలోపు సగానికి కరిగిపోవడం లేదు. కాని ఫ్యాక్టరీ మూతపడి, ఇంజనీరైన నా భర్త సోఫాలో స్థిరపడి, నేను గ్రీకు యజమాని దగ్గర కోట్లకు చేతులు కుట్టడం మొదలుపెట్టిన ఏడాదిలోనే దేశం పెరిగిందంటే, ఆ పెరిగినది ఏమిటో అడిగి తెలుసుకోవాలని ఉంటుంది. ఒక్క విషయంలో మాత్రం పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొత్తు కుదిరింది. ఈ పీపా రెండింటిలోనూ లేదు.

"నేను గ్రీకువాడి దగ్గర చాకిరీ చెయ్యను. నాకో చదువుంది" అని ల్యుబెన్ మొదటి రోజుల్లోనే తేల్చేశాడు. నాకూ చదువుందని ఎవరూ గుర్తుచేయలేదు. మా అత్తగారు త్స్వెతా మాత్రం ఒక మాటతో ముగించింది. "ఆడదానికి సూది దొరికితే చాలే. మగవాడికి ఫ్యాక్టరీ కావాలి."

కుట్టు కార్ఖానా ఊరి చివర, స్త్రూమా ఏటికి దగ్గరగా, ఒక పాత పొగాకు గోదాములో ఉంది. పొగాకు కోసం కట్టినది కనుక కిటికీలు కప్పుకు ఆనుకుని, ఇనప చువ్వలతో ఉంటాయి. ఉన్నది ఒకే పెద్ద తలుపు. బయట ఇనప మెట్లు ఎక్కితే యజమాని గది. ఆ గదిలోంచి లోపలి మెట్లు దిగితే మా మిషన్లు. యజమాని థనాసిస్ సరిహద్దు అవతలి పట్నంవాడు. రోజూ పొద్దున్న కారులో వచ్చి, మధ్యాహ్నం పనిమీద అవతలికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ వస్తాడు. చెడ్డవాడని అనలేను. ఈస్టరుకు ఆనవాయితీ ప్రకారం అందరికీ ఎర్రరంగు వేసిన గుడ్లు పంచాడు. కూతుళ్ళ ఫోటోలు చూపిస్తాడు. దారపు కండెలు మాయమవుతున్నాయనీ, మేము పని వేళల్లో పిల్లల్ని చూసుకోవడానికి ఇళ్ళకు జారుకుంటున్నామనీ ఆయన బాధ. అందుకే తలుపుకు బయటినుంచి తాళం. మేస్త్రి స్పాస్ ఆ తలుపు బయటే స్టూలు వేసుకుని సిగరెట్లు కాలుస్తూ కూర్చుంటాడు. అవసరమై తలుపు తడితే సణుగుతూ తీస్తాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో నా భర్త కింద పనిచేసిన ఎలక్ట్రీషియన్ అతను. నన్ను ఇప్పటికీ వదినా అనే పిలుస్తాడు.

మాటల దగ్గర మాకో చిక్కుంది. మా భాషలో 'నే' అంటే కాదు, వద్దు. కులాతా సరిహద్దు దాటగానే అదే 'నే' ఔను అయిపోతుంది. వాళ్ళు కాదనడానికి 'ఓహి' అంటారు. కార్ఖానా పెట్టిన కొత్తలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే జివ్కాను ఆదివారం కూడా వస్తావా అని థనాసిస్ అడిగాడు. ఆవిడ ఉలిక్కిపడి "నే, నే, నే!" అంది. ఇంత ఉత్సాహం ఉన్న కార్మికురాలిని ఆయన జన్మలో చూడలేదట.

"ఆ ఆదివారం నా మొగుడు ఆకలికి చచ్చి ఉంటాడనుకున్నా" అని జివ్కా ఇప్పటికీ చెబుతుంది. "ఇంటికెళ్ళి చూస్తే వాడే గుడ్డు వేయించుకు తిన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి వాడికి చేతులున్నాయని తెలిసింది."

"దొరగారికి దణ్ణం పెట్టు మరి" అంది నా పక్క మిషను దొన్కా. దొన్కా నోటికి భయపడనివాళ్ళు మా కార్ఖానాలో లేరు. "ఒసే కొత్తపిల్లా, యూలియా, విను. ఆయన ఏమడిగినా ఓహి అను. ఔననాలనిపిస్తే ఊరుకో. మన నోట ఔను ఎలాగూ మౌనంలోనే ఉంది."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ మాట విషయంలో పొరపాటు నాకు జరగదనే అనుకున్నాను. లెక్కల మనిషిని; మాటను తూచి వాడడం నాకు అలవాటు. భయం మనిషికి మాతృభాషలోనే వస్తుందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

నవంబరు నెల మధ్యలో నన్ను పై గదికి పిలిచారు. మెట్లెక్కుతున్నంతసేపూ భయమే. పాత రోజుల్లోనూ పిలుపు వస్తే భయపడేదాన్ని. కాని ఆ భయానికి ఒక చిరునామా ఉండేది. ఎవరి దగ్గర ఏమన్నాను, ఎవరు పార్టీకి మోశారు అని వెనక్కి లెక్కవేసుకోవచ్చు. ఇప్పటి భయానికి అటువంటి ఆధారమేమీ లేదు. నేను ఎవరికీ ఏమీ అననక్కరలేదు. తప్పేదీ చేయనక్కరలేదు. అవసరం లేనిదాన్ని అయితే చాలు. నలభై అయిదు దాటిన ఆడమనిషి ఈ ఊళ్ళో అవసరం లేనిది కావడానికి ఒక ఉదయం సరిపోతుంది. ఫ్యాక్టరీ మూసినప్పుడు మొదట పంపింది మమ్మల్నే. "మీకు ఇల్లుంది కదా" అన్నాడు డైరెక్టరు, అదేదో పింఛను ఇస్తున్నట్టు.

థనాసిస్ బల్ల మీద తాళం కప్ప, దాని చెవి ఉన్నాయి. పక్కన స్పాస్ నిలబడి ఉన్నాడు. యజమాని గ్రీకులో ఏదో చాలాసేపు చెప్పాడు, స్పాస్ దాన్ని కుదించాడు.

"పక్క ఊళ్ళో కొత్త కార్ఖానా పెడుతున్నాడు వదినా. నన్ను అక్కడికి పంపిస్తున్నాడు. ఇక్కడ మేస్త్రివి నువ్వే అంటున్నాడు. అందరూ లోపలికెళ్ళాక నువ్వు బయట తాళం వేసి, ఈ మెట్లెక్కి, ఈ గదిలోంచి కిందికి దిగాలి. చెవి నీ దగ్గరే. సరేనా అని అడుగుతున్నాడు."

నాతో కలిసి కుట్టేవాళ్ళ మీద నేను తాళం వేయడం! వద్దనే అనుకున్నాను. ఈ విషయంలో నా మనసులో రెండో ఆలోచన లేదు. కాని వద్దంటే మరుసటి క్షణం ఏమవుతుందోనన్న బెదురుతో నా తల దానంతటదే కిందికి వాలింది. బల్ల అంచును చూస్తూ "నే" అన్నాను.

"బ్రావో!" అని థనాసిస్ లేచి నా భుజం తట్టాడు. తాళంచెవి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

స్పాస్ వైపు చూశాను. రెండు భాషలూ తెలిసిన మనిషి ఆ గదిలో అతనొక్కడే. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మెట్ల మీద అతన్ని ఆపాను.

"స్పాస్, నేను కాదన్నాను."

"విన్నాను వదినా."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? నువ్వు కాదంటే ఆయన నన్నిక్కడే ఉంచేస్తాడు. అక్కడ జీతం ఎక్కువ, నాకూ ఇద్దరు పిల్లలు. అయినా తలవంచుకుని అనేది కాదనడం ఎలా అవుతుంది? నాకే అనుమానమొచ్చింది." సిగరెట్టు పారేసి నలిపాడు. "అలవాటైపోతుందిలే."

ఇంట్లో వార్త చెప్పినప్పుడు ల్యుబెన్ సోఫాలోంచి లేచాడు. మోకాలు అడ్డురాలేదు.

"మేస్త్రివా! చూశావా అమ్మా, గ్రీకువాడైతేనేం, మనుషుల విలువ కనిపెట్టాడు."

"నేను వద్దన్నాను ల్యుబెన్. ఆయనకు వేరేలా వినిపించింది."

"నోర్మూసుకుని ఊరుకో. అదృష్టం దారితప్పి గుమ్మంలోకొస్తే అడ్రసు తప్పని చెబుతావా?" తరవాత గొంతు మార్చి, మా పెళ్ళయిన కొత్తలో వాడిన స్వరంతో, "భయపడకు. నేనున్నానుగా" అన్నాడు.

అత్తగారు చిక్కుడుగింజలు ఏరుతూ నా చేతిలోని తాళంచెవి వంక మాత్రం కాసేపు చూసింది.

మర్నాడు తాళం వేశాను. ముప్ఫైమంది ఆడవాళ్ళు నా ముందునుంచి ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. రోజూ "ఏమ్మా ప్రణాళికా" అని పలకరించే దొన్కా తల తిప్పుకుని వెళ్ళింది. గొళ్ళెం కొండిలో వేసి, కప్ప తగిలించి నొక్కినప్పుడు వచ్చిన చిన్న చప్పుడు నా దవడలో మోగింది. ఇనప మెట్లెక్కి, యజమాని గదిలోంచి దిగి, నా మిషను ముందు కూర్చున్నాను. స్కర్టు జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటూ ఉంది. అది ఉన్నంతవరకు భయం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరికైనా ఏదైనా అవసరమైతే నేనే తీస్తాను కదా, స్పాస్‌లా సణగను కూడా. ఏ పనికైనా ఒక సాకు దొరక్కపోదు. ప్రణాళికా విభాగంలో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషికి సాకులు వెతుక్కోవడం నేర్పనక్కరలేదు.

మధ్యాహ్నం థనాసిస్ కారు వెళ్ళిన చప్పుడు వినిపించింది. అంతకుముందు పైన ఆయన గది తలుపు మూసి తాళం వేసుకున్న చప్పుడు కూడా వినే ఉంటాను. కాని విన్న సంగతి నాకు తరవాత గాని తెలియలేదు.

భోజనాల వేళ దాటాక జివ్కా ఇస్త్రీ పెట్టె అస్తరు గుడ్డ మీదే వదిలి దారం వెతుక్కోవడానికి వంగింది. అస్తరు నైలానుది. అది ముడుచుకుని, కరిగి, బల్ల మీది మెత్తకు అంటుకుంది. "పొగ!" అని అరిచింది యూలియా. ఆ పిల్ల చంటిబిడ్డ తల్లి. పాలతో తడిసిన గుడ్డ రొమ్ముల దగ్గర దాచుకుని కుడుతుంది. నల్లటి పొగ తాడులా లేచి కప్పు కింద పరుచుకుంది. మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ తలుపు వైపు పరుగెత్తారు.

"అక్కా, తియ్యి! అక్కా!"

జేబులోంచి చెవి తీసి గుంపును తోసుకుని వెళ్ళాను. చెయ్యి చాచాను. నా ముందు ఇనప రేకు కొట్టిన చెక్కలున్నాయి. బోర్డులా, గోడలా, నున్నగా. తాళం లేదు, కన్నం లేదు. నా వేళ్ళు ఆ రేకు మీద కిందికీ పైకీ వెతుకుతున్నాయి. నా బుద్ధి మాత్రం ఎక్కడో దూరంగా నిలబడి, ఒక లెక్కను నిదానంగా పూర్తిచేస్తోంది. తాళం తలుపుకు అవతల ఉంది. చెవి ఇవతల ఉంది. అవతలికి వెళ్ళే దారి యజమాని గదిలోంచి, ఆ గదికి ఆయన తాళం వేసుకుని దేశం దాటి వెళ్ళాడు. తాళం వేసిన మనిషిని నేనే. అందరితోపాటు దాని వెనక ఉన్నదీ నేనే. లోపల మెట్ల పైదాకా ఎక్కి ఆ తలుపును భుజంతో గుద్దాను. కదలలేదు. దిగివచ్చేసరికి యూలియా రెండు అరచేతులతో ఇనప రేకును కొడుతోంది. కొట్టడం ఆపమన్నా ఆపలేకపోతోంది. ఆ చప్పుడుకు బయట ఏటి గట్టున ఒక కుక్క మొరగడం మొదలుపెట్టింది. మనిషి పలకలేదు.

నేల తుడిచే బకెట్టు దొన్కా ఎత్తి ఇస్త్రీ బల్ల మీద కుమ్మరించింది. ఎవరో వైరు లాగేశారు. మెత్త బుసకొట్టి ఆరిపోయింది. నిప్పు అంతే. కాని ఆ పొగ చువ్వల కిటికీల్లోంచి పోవడానికి చాలాసేపు పట్టింది, అంతవరకు అందరం తడిగుడ్డలు ముక్కులకు పెట్టుకుని నేల మీద కూర్చున్నాం. అందరి కళ్ళూ నా చేతిలో ఉన్న ఇనప ముక్క మీదే ఉన్నాయి.

"మేస్త్రిగారూ" అంది దొన్కా దగ్గుతూ. "ఆ చెవిని మీ చెవికి పెట్టుకోండి. అవతల ఎవరైనా ఉన్నారేమో వినపడుతుంది."

జివ్కా నవ్వింది. తరవాత అందరూ నవ్వారు, ఆగకుండా, భయం వేసేంతసేపు. యూలియా మాత్రం ఏడుస్తూనే ఉంది.

సాయంత్రం థనాసిస్ వచ్చి పై గది తెరిచాక, కాలిన మెత్త చూపించి, చేతులతో, వచ్చీరాని మాటలతో జరిగింది చెప్పాను. ఆయన ముఖం నిజంగానే పాలిపోయింది. తరవాత మా భాష ముక్కలు ఏరుకుంటూ, పిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు. "చెవి నీ దగ్గర. నీ దగ్గర చెవి! ఎందుకు భయం?"

ఇంటికొచ్చి ల్యుబెన్‌కు చెప్పాను. నా జుట్టంతా కాలిన నైలాను వాసన. అతను ఇంజనీరు కనుక కాగితం తీసి బొమ్మ గీశాడు; తలుపు ఇక్కడ, మెట్లు ఇక్కడ. "పొగ పైకి పోతుంది, కిటికీలు పైనే ఉన్నాయి. చూడు, సిద్ధాంతరీత్యా ప్రమాదం తక్కువ. అయినా ఏమీ కాలేదుగా!"

"ఏమీ కాలేదు" అన్నాను.

"మరింకేం? కొత్త పదవి, మొదటిరోజే గోల పెట్టుకోకు. అన్నట్టు పీపాలో నీళ్ళు మార్చావా?"

అప్పుడు మా అత్తగారు నోరు విప్పింది. ఆ ఇంట్లో ఆవిడ నా పక్షాన ఎన్నడూ మాట్లాడి ఎరగదు, అప్పుడూ నాతో మాట్లాడినట్టు లేదు. గింజల పళ్ళెంలోకి చూస్తూ తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది.

"ఆ గోదాములో పొగాకు ఏరడానికి వెళ్ళేనాటికి నాకింకా పెళ్ళికాలేదు. రాజుగారి కాలం. గోదాము ఒక షావుకారుది. తాళం బయటే వేయించేవాడు, ఆకు దొంగిలిస్తామని. తరవాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి షావుకారుని తరిమేసింది. గోదాము మీదేనమ్మా అని మాకు బాజా వాయించి మరీ చెప్పారు. మర్నాడు వెళ్తే తాళం బయటే ఉంది. ప్రజల ఆస్తి కదా, దొంగిలిస్తామేమోనట. ఇప్పుడీ గ్రీకువాడు." ఒక పుచ్చుగింజ తీసి పక్కన పడేసింది. "ఇన్ని మారాయిగానీ ఆ తాళం తలుపుకి ఇవతలివైపు రాలేదే పిల్లా."

ల్యుబెన్ టీవీ పెట్టాడు. నేను పీపా దగ్గరికి వెళ్ళలేదు. "నీళ్ళు మార్చు" అని అతనితో అన్నాను. ఏమన్నాడో వినలేదు.

ఆ రాత్రంతా భయం తగ్గలేదు. పొద్దున్న కూడా దానితోనే బయల్దేరాను. ధైర్యం వచ్చాక చేద్దామనుకుంటే నా వయసు చాలదని మాత్రం అర్థమైంది. ఒక్క లెక్క నాకు అండగా ఉంది. శనివారం కోట్ల లారీ సరిహద్దు దాటి థెస్సలోనికికి వెళ్ళాలి. త్రైమాసికం ఆఖరి వారంలో మా ఫ్యాక్టరీ డైరెక్టరు తాగుబోతును కూడా పనిలోంచి తీసేవాడు కాదు. ముందు సరుకు పోవాలి. థనాసిస్ కూడా శనివారం దాకా ఎవరినీ తీయలేడు. ఆ తరవాత తీయగలడు. తీస్తాడనే నా అంచనా.

అందరూ లోపలికి వెళ్ళారు. తలుపు బార్లా తెరిచే ఉంచాను. గోడకున్న కొండికి ఒట్టిగా కప్ప తగిలించి నొక్కాను. ఇక గొళ్ళెం అందులోకి దిగదు. ఇనప మెట్లెక్కి తాళంచెవి థనాసిస్ బల్ల మీద పెట్టాను. ఈసారి తల ఎత్తే ఉంచాను, మెడ నరాలు నొప్పిపుట్టాయి. ఆయనకు అర్థమయ్యే మాటలోనే చెప్పాను. ఒకే మాట. ఆయన చాలా మాటలన్నాడు. నాకు వాటిలో ఒకటీ తెలియలేదు, స్వరం మాత్రం అన్ని భాషలదీ ఒకటే. వచ్చిన మెట్లే దిగి, చుట్టూ తిరిగి, ఆ తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చాను.

దొన్కా నన్ను చూసి, తలుపును చూసి, లేచి వెళ్ళి ఒక రాయి తెచ్చి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. "శనివారం నీ పని అయిపోయిందే ప్రణాళికా" అంది కూర్చుంటూ.

"తెలుసు."

"మాదీ అవుతుందేమో."

"తెలుసు."

ఊరి పైనున్న బెలాసిత్స కొండ మీద కిందటి రాత్రే తొలి మంచు పడింది. అక్కణ్ణించి దిగిన గాలి నేరుగా మా మిషన్ల మధ్యకు వచ్చింది. కోట్లు తొడుక్కుని కుట్టాం. వేళ్ళు కొంకర్లు పోయి సూదులు గుచ్చుకున్నాయి. పైన థనాసిస్ అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు సాయంత్రం దాకా ఆగలేదు. ఆ చప్పుడు మెట్ల వైపు వచ్చినప్పుడల్లా ముప్ఫై మిషన్లూ ఒక్క క్షణం తడబడేవి. చలి వేసింది. భయం వేసింది. తలుపు మాత్రం ఎవరూ వేయలేదు.